నాచ్‌ను ‘గండి’ అనవచ్చా?

కడప నుంచి:
మా హ్యామ్ రేడియో (సరదాకు నడిపే రేడియో) మిత్రులం రిపీటర్‌కు, అంటే విన్న సిగ్నల్‌ను మళ్లీ పంపే రేడియోకు, చిన్న డూప్లెక్సర్ సొంతంగా తయారు చేసుకుంటున్నాం. వినడానికీ పంపడానికీ ఒకే యాంటెనా సరిపోయేలా చేసే ఫిల్టర్ల జత అది. కొత్తగా చేరిన పిల్లలకు తెలుగులో నోట్సు రాస్తున్నాను. రిపీటర్, డూప్లెక్సర్, కేవిటీ (ఆ ఫిల్టర్‌లోని ఒక్కో లోహపు గొట్టం) అనే పేర్లు అలాగే ఉంచాను. చిక్కంతా ‘నాచ్’, అంటే ఫిల్టర్ ఒక ఫ్రీక్వెన్సీని ఆపే చోటు, దగ్గరే.

రిపీటర్ ఒకే యాంటెనాతో, ఒకే సమయంలో వింటుంది, పలుకుతుంది. రెండు మీటర్ల బ్యాండ్‌లో (145 మెగాహెర్ట్జ్ దగ్గర) ఆ రెండు ఫ్రీక్వెన్సీలకు మధ్య దూరం సాధారణంగా 600 కిలోహెర్ట్జ్ మాత్రమే. ట్రాన్స్‌మిటర్ జోరు లోపలికి వస్తే రిసీవర్‌కు చెవుడు వస్తుంది. అందుకే రిసీవర్ వైపు కేవిటీలు పంపే ఫ్రీక్వెన్సీని ఆపాలి, ట్రాన్స్‌మిటర్ వైపువి వినే ఫ్రీక్వెన్సీలో పడే రొదను ఆపాలి. ఏ ఫ్రీక్వెన్సీ ఎంత దాటుతుందో గ్రాఫ్ గీస్తే, ఆపే చోట గీత నిట్టనిలువుగా లోతుకు దిగి మళ్లీ పైకి లేస్తుంది. గండికోట దగ్గర పెన్నా లోయ గుర్తొచ్చి ‘గండి’ అని రాశాను. సరిపోతుందా?

అనంతపురం నుంచి:
అన్నా, చెరువు కట్టకు గండి పడింది, ఆదాయానికి గండి పడింది అంటాం. పిల్లలు డూప్లెక్సర్ పాడైందనుకుంటారు. ‘గాడి’ అనండి.

కర్నూలు నుంచి:
గండి అంటే నష్టమే కాదు నాయనా. మన సీమలో కొండల మధ్య ఏరు దారి చేసుకున్న చోటూ గండే. వేంపల్లె దగ్గర పాపాఘ్ని కొండల్ని చీల్చుకుని వచ్చే చోటు పేరే గండి. నా అభ్యంతరం వేరే. ఏ అర్థంలో చూసినా గండిలోంచి నీళ్లు పోతాయి. నువ్వు చెప్పే చోట సిగ్నల్ ఆగుతుంది. గీత ఆకారం చూసి పేరు పెడితే అర్థం తలకిందులవుతుంది.

అనంతపురం నుంచి:
నిజమే మేడం. ‘గాడి’కీ అదే చిక్కు. బండి గాడిలో నడుస్తుంది, ఆగదు.

కడప నుంచి:
మేడం, మీ మాటతో దారి దొరికింది. మేం చేసే రకం కేవిటీ ఒక ఫ్రీక్వెన్సీని పోనిస్తుంది, దగ్గర్లోని ఇంకోదాన్ని ఆపుతుంది. పోనిచ్చే చోటు ‘గండి’, ఆపే చోటు ‘కట్ట’. నాచ్ లోతు అనే బదులు కట్ట ఎత్తు అంటాను. రిసీవర్ వైపు అన్ని కేవిటీలూ కలిపి ఆ ఎత్తు 80 డిసిబెల్స్ దరిదాపుల్లో ఉండాలి. ‘ముందు గండిని శ్రుతి చెయ్యండి, తర్వాత కట్టను’ అని రాస్తే పిల్లలకు పని వరస కూడా తెలుస్తుంది.

కర్నూలు నుంచి:
ఇప్పుడు బాగుంది. ట్యూనింగ్‌కు ‘శ్రుతి’ అనడం ఇంకా బాగుంది. మన ఎండలకు ఆ శ్రుతి నిలుస్తుందా?

కడప నుంచి:
అదే మా టెన్షన్. మామూలు కేవిటీ పొడుగు పావు తరంగం, 145 మెగాహెర్ట్జ్‌కు అది సుమారు అర మీటరు. అంత పొడుగు గొట్టాలు ఆరు పెట్టడానికి మాకు చోటు లేదు. రాగి తీగను చుట్టగా చుట్టి డబ్బాలో బిగిస్తే పొడుగు బాగా తగ్గుతుంది, కానీ గండిలో సిగ్నల్ నష్టం పెరుగుతుంది. ఇక ఎండ సంగతి. మామూలు కేవిటీ మధ్యలోని రాగి కడ్డీ 20 డిగ్రీలు వేడెక్కి సాగితే ఫ్రీక్వెన్సీ దాదాపు 50 కిలోహెర్ట్జ్ కిందికి జారుతుంది. మే నెలలో మా షెడ్డులో ఆ తేడా మామూలే. మంచి కేవిటీల్లో కడ్డీకి ఇన్వార్ అనే ఇనుము, నికెల్ మిశ్రమం వాడేది అందుకే, అది చాలా తక్కువ సాగుతుంది. దీన్ని ‘కట్ట జారింది’ అని రాయనా?

కర్నూలు నుంచి:
వద్దు, కట్ట తెగిందనుకుంటారు. ‘వేడికి శ్రుతి తప్పింది’ అని రాయి.