గొంతు చిరిగిన ఓవర్‌డ్రైవ్ పెడల్ (గిటార్ శబ్దాన్ని కరుకు చేసే పెట్టె): ఎలక్ట్రోలైటిక్ కెపాసిటర్లన్నీ మార్చేయాలా, ముందు కొలవాలా?

నాలుగోతీగ
ట్యూబ్ స్క్రీమర్ అనే పేరున్న ఓవర్‌డ్రైవ్ సర్క్యూట్‌తో చేసిన పాత పెడల్. నొక్కితే ఎల్ఈడీ వెలుగుతుంది, శబ్దం మాత్రం సన్నగా, చిరిగినట్టు వస్తోంది. ఆపితే (బైపాస్‌లో) గిటార్ శుభ్రంగా వినిపిస్తోంది. కెపాసిటర్లు, ఐసీ అన్నీ ఒకేసారి మార్చేయమంటున్నారు. మార్చేయనా?

రోసిన్‌పొగ
మార్చేయండి. ఆ బోర్డులో ఎలక్ట్రోలైటిక్‌లు పట్టుమని పది ఉండవు. హైదరాబాద్ కోఠి గుజరాతీ గల్లీలో 4558 ఐసీతో సహా కొన్నా పెద్ద ఖర్చేం కాదు. గంటలో అయిపోయే పనికి పిన్ను పిన్నూ కొలుస్తూ కూర్చోవడం ఎందుకు?

మీటరుమామ
ఖర్చు కెపాసిటర్లది కాదండీ, ప్యాడ్లది (కాళ్లు అతికే రాగి బిళ్లలు). పాత బోర్డు మీద ఇరవై చోట్ల ఐరన్ పెడితే ఒక్క ప్యాడైనా లేచి వస్తుంది. ఒక్క కెపాసిటర్ తిరగేసి పెట్టినా, ఉన్న జబ్బుకి కొత్త జబ్బు తోడు.

అయినా ఎండిన కెపాసిటర్ లక్షణాలు వేరు: హమ్ పెరుగుతుంది, మంద్ర స్వరాలు తగ్గుతాయి. చిరిగిన శబ్దం వస్తే ముందు బయాస్, అంటే సిగ్నల్ ఊగే మధ్య వోల్టేజి, చూడాలి. 9 వోల్టులని రెండు 10కె రెసిస్టర్లు సగం చేస్తాయి, వాటి మధ్య నుంచి గ్రౌండ్‌కి 47 మైక్రోఫారడ్ కెపాసిటర్. అక్కడ 4.5 దరిదాపుల్లో ఉండాలి. 3కి పడిపోయిందంటే ఆ కెపాసిటర్ లీక్ అవుతోందని అనుమానించండి. ఒక కాలు ఎత్తి మళ్లీ కొలవండి. 0 లేదా 9 వస్తే ఏదో ఒక రెసిస్టరో, దాని సోల్డరో తెగింది.

బైపాస్‌బాబు
ఒక మాట. బైపాస్ శుభ్రంగా ఉందని ఇన్‌పుట్ బఫర్ (సిగ్నల్‌ని మొదట అందుకునే ట్రాన్సిస్టర్) బాగున్నట్టు కాదు. లోపల తొమ్మిది కాళ్ల ఫుట్‌స్విచ్ ఉంటే బైపాస్‌లో సిగ్నల్ ఉత్త తీగలోంచే పోతుంది, దాంతో ఏమీ తేలదు. ఎఫ్ఈటీ స్విచింగ్ (ట్రాన్సిస్టర్లతో దారి మార్చేది) అయితేనే ఇన్‌పుట్, అవుట్‌పుట్ బఫర్లు రెండూ బాగున్నట్టు.

ఆడియో ప్రోబ్ కట్టుకోండి: ఆంప్‌కి వెళ్లే కేబుల్ టిప్‌కి (ప్లగ్ కొన) 104 కెపాసిటర్ (0.1 మైక్రోఫారడ్), స్లీవ్‌ని (ప్లగ్ ఒంటి భాగం) పెడల్ గ్రౌండ్‌కి. ఆంప్ వాల్యూమ్ బాగా తగ్గించి, ఫోన్‌లోంచి సన్నగా పాట పంపుతూ ఇన్‌పుట్ నుంచి ముందుకి తాకుతూ వెళ్లండి. ఎక్కడ చిరిగితే దానికి ముందు భాగమే దొంగ. అయితే డ్రైవ్ నాబ్ పూర్తిగా తగ్గించాలి. లేకపోతే కావాలనే శబ్దాన్ని చీల్చే క్లిప్పింగ్ డయోడ్ల పనినే లోపం అనుకుంటారు.

రోసిన్‌పొగ
మీటర్ కూడా అబద్ధం చెబుతుంది మరి. ఇన్‌పుట్ బఫర్ ట్రాన్సిస్టర్ బేస్ కాలికి బయాస్ 510కె రెసిస్టర్ గుండా వస్తుంది. ముల్లు మీటర్ పెడితే ఒక వోల్టు చూపించి, బాగున్న ట్రాన్సిస్టర్‌ని పీకిస్తుంది.

మీటరుమామ
నిజమే. డిజిటల్ మీటరే వాడాలి. దానిలో కూడా అక్కడ 4.5 రాదు, 3.8 ప్రాంతంలో ఉంటుంది. ట్రాన్సిస్టర్ ఎమిటర్ కాలు దానికి 0.6 కింద. నాలుగోతీగ గారూ, డ్రైవ్ సున్నాలో పెట్టి ఐసీ కొలతలు రాయండి. ప్యాడ్ మీద కాదు, ఐసీ కాలి మీదే పెట్టండి.

నాలుగోతీగ
8వ కాలు 8.9, 4వది 0. 3వది 5.6. 5, 6, 7 మూడూ 7.9. 1, 2 రెండూ 8.1.

మీటరుమామ
దొరికింది. ఈ ఐసీలో రెండు ఆప్ ఆంప్‌లు (సిగ్నల్ పెంచే సర్క్యూట్లు) ఉంటాయి; మొదటిదానికి 2, 3 ఇన్‌పుట్లు, 1 అవుట్‌పుట్. 2వ కాలు 3వ దానికంటే పైన ఉన్నప్పుడు 1వ కాలు కిందికి దిగాలి. దిగకుండా పైనే అతుక్కుందంటే మొదటి ఆప్ ఆంప్ పోయింది. 3, 5 కాళ్లు 4.5 దాటి లేచింది 1వ కాలు పైకి లాగడం వల్లే. 4వ కాలు గ్రౌండ్‌లోనే ఉంది, రెండో సగంలో 6, 7 కాళ్లు 5వ దానితో సమానంగా ఉన్నాయి కాబట్టి సోల్డర్ తప్పు కాదు.

కాళ్లు కట్టర్‌తో తెంపి ఒక్కొక్కటే తీయండి. 350 డిగ్రీలు, ప్యాడ్‌కి మూడు సెకన్లు దాటొద్దు. ఎనిమిది కాళ్ల సాకెట్ వేసి 4558 ఐసీ గానీ టీఎల్072 ఐసీ గానీ పెట్టండి. 5532 కూడా కూర్చుంటుంది కానీ బ్యాటరీ తినేస్తుంది.

రోసిన్‌పొగ
ఐసీ మార్చమని మొదట్లోనే అన్నాను కదా!

బైపాస్‌బాబు
అన్నారు. దానితో పాటు ఇంకో తొమ్మిదింటిని కూడా.