‘సేపియన్’ అనే ఏకవచనం ఉందా?

అనువాదకురాలు: ఒక సైన్సు వ్యాసంలో ‘ఆ ఎముక ఒక హోమో సేపియన్స్‌ది’ అని రాశాను. దిద్దినవారు ‘సేపియన్‌ది’ అని మార్చారు. చివరి ‘స్’ ఇంగ్లీషు బహువచనమట. నిజమేనా?

పాత పంతులు: కాదండి. 1758లో స్వీడన్ శాస్త్రవేత్త లిన్నేయస్ మనిషి జాతికి పెట్టిన ఈ లాటిన్ పేరులో రెండు మాటలూ ఏకవచనాలే. హోమో మనిషి, సేపియన్స్ వివేకి. మూలమైన ‘సపెరె’ క్రియకు రుచి కలిగి ఉండటం, రుచి తెలియడం అని అర్థం. వివేకం తరవాత వచ్చింది. మన రసజ్ఞుడు కూడా నాలుక మీది నుంచి వచ్చినవాడే కదా! ఆ ‘సపెరె’ క్రియకు వర్తమాన కృదంతం, అంటే ‘వెళుతున్న’ లాంటి రూపం, ఈ సేపియన్స్. ప్రాతిపదిక, అంటే విభక్తి చేరని రూపం, ‘సపియెంట్’. ప్రథమా ఏకవచనపు ‘స్’ చేరగానే ‘ట్’ జారిపోయింది. సంస్కృతంలో ‘గచ్ఛంత్’ ఇంకో అడుగు వేసి, ‘స్’ను కూడా వదిలి ‘గచ్ఛన్’ అయింది. ‘జ్వలంత సమస్య’ అంటామే, అందులో ఉన్నది ఆ ‘అంత్’ ప్రత్యయమే. బహువచనం కావాలంటే ‘హోమినెస్ సపియెంటెస్’ అనాలి.

బఠాణీ: మాట మన ఇంటికొచ్చాక మన వ్యాకరణమే చెల్లుతుంది. ఇంగ్లీషువారు బఠాణీకి ఉన్న ‘పీజ్’ అనే ఏకవచనాన్ని బహువచనమనుకుని ‘పీ’ని పుట్టించుకున్నారు. కొంప మునిగిందా? పైగా విశేషణమైతే లింగాన్ని బట్టి మారాలి. ఇది మారదేం?

పాత పంతులు: మారేవి వేరు. వరి ఒరైజా సటైవా, వెల్లుల్లి ఆలియం సటైవం, కుంకుమపువ్వు క్రోకస్ సటైవస్. ‘సాగుచేసే’ అనే ఒకే విశేషణం వరుసగా స్త్రీ, నపుంసక, పుంలింగాల్లో నిలబడింది. సేపియన్స్ మాత్రం ప్రథమా ఏకవచనంలో మూడు లింగాలకూ ఒకటే. మన ‘మంచి’ అబ్బాయికీ అమ్మాయికీ ఇంటికీ సరిపోయినట్టు.

బఠాణీ: విశేషణంగా సరే. జనం దాన్ని నామవాచకం చేసేశారు. ‘సేపియన్లు’ అంటే ఎవరికైనా అర్థమవుతుంది.

పాత పంతులు: నామవాచకంగా రోమన్లే వాడారు. క్రీ.పూ. 140లో కాన్సల్ (రోమ్‌లో అత్యున్నత పాలనాధికారి) అయిన లేలియస్‌కు ‘సపియెన్స్’ బిరుదు. ఆయన ఒక్కరే, పదిమంది కారు! ‘సేపియన్స్‌లు’ అనండి, ‘చిప్స్‌లు’ అన్నట్టే ఉంటుంది గానీ ఒప్పుకుంటాను. ‘సేపియన్’ మాత్రం తోక కోసిన మాట.

అనువాదకురాలు: శాస్త్రీయ నామం ఉన్న ఆ ఒక్కచోట ‘స్’ తిరిగి పెట్టించాను. మిగతా అన్నిచోట్లా ‘మనుషులు’ అని రాసేశాను. దాన్ని ఎవరూ దిద్దలేదు.