బంగినపల్లి అంటుకు నిలువుగా లేచిన కొమ్మలు: ఇప్పుడే తీసేయాలా?

మా పెరట్లో మూడేళ్ల బంగినపల్లి అంటు ఉంది. ఎర్రనేల, రోజంతా ఎండ. ఈ జూన్‌లో ఛాతీ ఎత్తులో తల కత్తిరించి, కోసిన చోట తెగులు సోకకుండా బోర్డో పేస్టు (మైలుతుత్తం, సున్నం కలిపిన ముద్ద) పూశాను. వానలు పడ్డాక ఆ కోత కిందే తొమ్మిది కొమ్మలు గుత్తిగా లేచాయి. సెప్టెంబర్ రెండో వారానికి ఒక్కోటి మూడడుగులు దాటింది. అన్నీ నిలువుగానే, పక్కలకు ఒక్కటీ లేదు. అంటు కట్టిన చోటికి కింద, వేరు మొక్క నుంచి వచ్చినవి కావు, సరిచూశాను.

ఆగస్టులో మూడింటి కొసలు గిల్లితే ఒక్కోదానికి మళ్లీ నాలుగైదు చిగుళ్లు వచ్చాయి. రెండింటిని తాడుతో పక్కకు వంచాను, ఒకటి మొదట్లోనే చీలింది. అది చూసి ప్రాణం ఉసూరుమంది. యూరియా జూలైలోనే ఆపేశాను.

మూడు నాలుగు ఉంచి మిగతావి మొదలంటా తీసేయాలని అర్థమైంది. కానీ మామిడి పూత ముదిరిన కొమ్మల కొసలకే వస్తుంది కదా. ఇప్పుడు కోస్తే లేత చిగురు లేచి, డిసెంబర్, జనవరి పూత పోతుందేమోనని టెన్షన్. అలాగే వదిలేస్తే మధ్యలో గాలీ వెలుతురూ ఆడవు.

మామిడి పెంచిన అనుభవం ఉన్నవాళ్లు చెప్పండి: ఎక్కువైన కొమ్మలను ఇప్పుడే తీసేయాలా, వచ్చే ఏడాది కాయ కోత అయ్యేదాకా ఆగాలా?