పాత ఫార్మాల్‌ని ట్రెయిలర్ మీద పుల్లింగ్ పోటీకి తీసుకెళ్ళాలి: బరువు, గొలుసులు, డ్రాబార్ సందేహాలు

ప్రశ్న:

అందరికీ నమస్కారం. మేము ఇండియానాలో ఉంటాం. మా దగ్గర్లో ఒక పెద్దాయన వ్యవసాయం మానేస్తూ తన 1948 ఫార్మాల్ ఎమ్ ట్రాక్టర్‌ని నాకు అమ్మారు. ఇంజిన్ బాగుంది. పక్క కౌంటీ ఫెయిర్‌లో యాంటిక్ ట్రాక్టర్ పుల్ (పాత ట్రాక్టర్లతో బరువు లాగే పోటీ) ఉంది, 5,500 పౌండ్ల బరువు క్లాసులో దిగాలని సరదా. స్నేహితుడి దగ్గర 7,000 పౌండ్ల కార్ ట్రెయిలర్ ఉంది, వెనక రెండు ర్యాంపులు. నాది హాఫ్ టన్ పికప్. ట్రాక్టర్ బరువు పుస్తకంలో 5,000 పౌండ్ల దగ్గరే ఉంది కాబట్టి సరిపోతుందనుకుంటున్నా. నాలుగు రాట్చెట్ స్ట్రాపులు కూడా ఉన్నాయి. వెనక చక్రాలకి ఇనుప బిళ్ళలున్నాయి, టైర్లలో ఏదో నీళ్ళు పోశారని పెద్దాయన చెప్పారు. ట్రాక్టర్‌ని ట్రెయిలర్ ఎక్కించడం నాకు ఇదే మొదలు. ఏం చూసుకోవాలి?

జవాబు 1:

ఆ చివర్లో చెప్పిన నీళ్ళ సంగతే అన్నిటికన్నా ముఖ్యమైనది. అవి మామూలు నీళ్ళు కాకపోవచ్చు. చలికి గడ్డకట్టకుండా కాల్షియం క్లోరైడ్ కలిపి పోసేవారు, ఆ ద్రావణం నీళ్ళకన్నా బరువు. ఎమ్ వెనక టైరు సైజుకి ఒక్కోదాంట్లో 500 పౌండ్ల పైనే ఉంటుంది. ఐహెచ్ (ఫార్మాల్ తయారుచేసిన ఇంటర్నేషనల్ హార్వెస్టర్) ఇనుప బిళ్ళ ఒక్కొక్కటి ఇంచుమించు 150 పౌండ్లు. అంటే పుస్తకంలో 5,000 అని ఉన్న ట్రాక్టర్ మీ పెరట్లో 6,500 దాటి నిలబడి ఉండవచ్చు.

ఇక ట్రెయిలర్. 7,000 అంటే దాని మీద వేసే సరుకు బరువు కాదండి, ట్రెయిలర్‌తో కలిపి మొత్తం. అలాంటి ట్రెయిలరే దాదాపు 2,000 ఉంటుంది. మీకు మిగిలేది 5,000. ఎంత దగ్గరి ఊరైనా ఈ ట్రెయిలర్ వద్దు. 10,000 పౌండ్లది, రెండు ఇరుసులకీ బ్రేకులున్నది చూడండి.

ట్రక్కు వైపు కూడా ఒక లెక్క ఉంది. ట్రెయిలర్ మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ (ట్రక్కు వెనక ట్రెయిలర్ తగిలించే కొక్కెం) మీద పడాలి. తక్కువైతే ట్రెయిలర్ హైవే మీద తోక ఊపడం మొదలుపెడుతుంది, అప్పుడు స్టీరింగ్ మీ మాట వినదు. 9,500 పౌండ్లయితే హిచ్ మీద 950 నుంచి 1,400 దాకా. ఇదంతా మీ పికప్ పేలోడ్‌లోంచే (అది మోయగల బరువులోంచే) పోతుంది. డ్రైవర్ తలుపు దగ్గరి స్టిక్కర్, హిచ్ మీది స్టిక్కర్ రెండూ చదవండి. హాఫ్ టన్ పికప్పులు చాలావరకు ఇక్కడే ఆగిపోతాయి. లాగే శక్తి ఇంజిన్‌కి ఉన్నా వెనక స్ప్రింగులకి మోసే శక్తి ఉండదు.

కాబట్టి ముందు ట్రాక్టర్‌ని దగ్గరి గ్రెయిన్ ఎలివేటర్‌కి (ధాన్యం తూచి నిల్వచేసే చోటికి) నడుపుకుంటూ వెళ్ళి తూకం వేయించండి. ట్రెయిలర్ కట్టాక ట్రక్ స్టాప్‌లోని కాటా మీద ఇంకోసారి. అక్కడ ముందు ఇరుసు, వెనక ఇరుసు, ట్రెయిలర్ బరువులు విడివిడిగా ఇస్తారు. మీ ట్రక్కు, ట్రెయిలర్ కలిపి 26,001 పౌండ్ల దరిదాపుల్లో కూడా ఉండవు, సీడీఎల్ (భారీ వాహనాల కమర్షియల్ లైసెన్స్) గురించి టెన్షన్ వద్దు.

ఇంకొకటి. మీ ఎమ్‌కి ముందు చక్రాలు రెండూ మధ్యలో పక్కపక్కనే ఉన్నాయా? అలాగైతే అటొకటి ఇటొకటి పెట్టే ర్యాంపులు పనికిరావు. వెనక చక్రాలు ర్యాంపుల మీద ఉంటే ముందు చక్రాలు మధ్యలో గాల్లో ఉంటాయి. వెడల్పంతా ఉండే ర్యాంపు కావాలి, లేదా మధ్యలో మూడోది. వెనక చక్రాల మధ్య దూరం కూడా టేపుతో కొలవండి. ట్రెయిలర్ ఫెండర్ల మధ్య సాధారణంగా 82 అంగుళాలకి అటూఇటూ ఉంటుంది. ఎమ్ చక్రాల్ని ఇరుసు మీద లోపలికి జరుపుకోవచ్చు, కానీ ఆ తుప్పు పట్టిన క్లాంపులతో కుస్తీ పట్టడానికి ఒక పూట పక్కన పెట్టుకోండి.

జవాబు 2:

పైన చెప్పినవాటికి నావి కొన్ని.

స్ట్రాపులు ఇంట్లో పెట్టేయండి. పాత ట్రాక్టర్ అంతా పోత ఇనుము అంచులే, వాటికి రాసుకుంటే తెగుతాయి. గ్రేడ్ 70 గొలుసులు, 5/16 అంగుళాలవి నాలుగు కొనండి. ఒక్కోదాని వర్కింగ్ లోడ్ 4,700 పౌండ్లు. ఒక కొస ట్రెయిలర్‌కి, ఇంకో కొస ట్రాక్టర్‌కి తగిలిస్తే ఫెడరల్ రూల్ ప్రకారం అందులో సగమే లెక్కలోకి వస్తుంది. అన్నీ కలిపి సరుకు బరువులో కనీసం సగం రావాలి. నాలుగు వేస్తే మీకు కావలసినదానికి రెట్టింపు పైనే. అలా ఉండటమే మంచిది.

వెనక గొలుసులు ఇరుసు హౌసింగ్‌కి వేసి వెనక్కి లాగాలి, ముందువి బోల్‌స్టర్ (ముందు చక్రాల పైనుండే దిట్టమైన ఇనుప భాగం) చుట్టూ వేసి ముందుకి లాగాలి. స్టీరింగ్ రాడ్లకి, రేకులకి తగలకూడదు. గొలుసు బిగించడానికి రాట్చెట్ బైండర్ అనే బిగింపు పరికరం తీసుకోండి. లివర్ బైండర్‌కి పైపు తొడిగి బిగించేవాళ్ళని చూస్తుంటాం, అది జారి వెనక్కి తన్నితే పళ్ళు రాలతాయి. పెద్ద టైర్లు దారిలో అదురుతూ సర్దుకుంటాయి, గొలుసు వదులవుతుంది. అందుకే మొదటి 50 మైళ్ళలోపే ఒకసారి ఆగి చేత్తో పట్టి చూడాలి.

అందరూ మరిచిపోయేది: పెట్రోల్ ట్యాంకు కింద గాజు గిన్నె దగ్గరి వాల్వ్ కట్టేయండి. ఈ ట్రాక్టర్లలో పెట్రోల్ పైనుంచి దానంతటదే దిగుతుంది. రోడ్డు మీద కుదుపులకి కార్బురేటర్‌లో ఫ్లోట్ ఎగిరెగిరి పడి పెట్రోల్ కారుతూనే ఉంటుంది. కింద డెక్ తడుస్తుంది, ఇంకా అదృష్టం బాగోలేకపోతే సిలిండర్లలోంచి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. అక్కడ దిగాక ఆయిల్ స్టిక్ తీసి వాసన చూడటం అలవాటు చేసుకోండి.

ట్రెయిలర్ టైరు పక్కన ఉండే నాలుగంకెల తయారీ తేదీ చూడండి, టైరు ఎంత పాతదో తెలుస్తుంది. మొదటి రెండు వారం, తర్వాతి రెండు సంవత్సరం. అద్దెకి తెచ్చినదైతే తప్పకుండా.

ప్రశ్న అడిగినవారు:

చాలా థ్యాంక్సండీ. ఎలివేటర్‌లో తూకం వేశారు, నేను కాకుండా 6,640 వచ్చింది! ముందు చక్రాలు పక్కపక్కన ఉండే రకమే. 10,000 ట్రెయిలర్, వెడల్పు ర్యాంపుతో అద్దెకి దొరుకుతోంది. కానీ 5,500 క్లాసులోకి ఎలా దిగాలి? ఇనుప బిళ్ళలన్నీ తీసేసినా చాలదు కదా.

జవాబు 3:

నేను కొన్నాళ్ళుగా ఈ పుల్స్‌కి వెళ్తున్నా, పోటీ సంగతి చెప్తా.

టైర్లలో ద్రావణం తీసేయండి. ట్రెయిలర్ కష్టం, క్లాసు కష్టం రెండూ ఒకేసారి తీరతాయి. పుల్లింగ్‌లో ద్రావణం దండగ, ఎందుకంటే దాన్ని కావలసిన చోటికి జరపలేం. ఇనుమైతే జరపగలం. పైగా కాల్షియం రిమ్ములను తినేస్తుంది. తీసేటప్పుడు నేల మీద వదలకండి, గడ్డి మొలవదు. డ్రమ్ముల్లోకి పట్టండి.

తీశాక ట్రాక్టర్, మీరు, పెట్రోల్ కలిపి 5,500 లోపు ఎంత మిగిలితే అంత ఇనుము వేసుకోవచ్చు. ఎక్కడ వేయాలన్నది స్లెడ్ (పోటీలో ట్రాక్టర్ లాగే బరువు బండి) ఎలా పనిచేస్తుందో తెలిస్తే అర్థమవుతుంది. మన బండలాగుడు పోటీల్లో బండ బరువు మొదట్నుంచి చివరిదాకా ఒకటే. ఇక్కడ అలా కాదు. స్లెడ్ మీద బరువు పెట్టె మొదట్లో వెనక చక్రాల మీద ఉంటుంది, మీరు లాగేకొద్దీ ముందుకి జరుగుతుంది. ముందు భాగంలో ఉండే పళ్ళెం నేలని రాస్తూ పోతుంది. 300 అడుగులూ పోతే ఫుల్ పుల్. మొదటి వంద అడుగులు తేలిగ్గా పోయిందని మురిసిపోకండి, అసలు కథ ఆ తర్వాతే.

బరువు పెరిగేకొద్దీ వెనక టైర్ల మీద భారం పడి ముందు తేలుతుంది. ముందు టైరు నేలకి వేలెడు ఎత్తులో తేలుతూ పోవడం అన్నిటికన్నా మంచి స్థితి. అంతకన్నా లేస్తే ఇనుము ముందుకి జరపాలి, అస్సలు లేవకపోతే వెనక్కి. పక్కనుంచి ఎవరినైనా ఫోన్‌లో వీడియో తీయమనండి, సీట్లో కూర్చుంటే ఇది తెలియదు.

డ్రాబార్ (ట్రాక్టర్ వెనక స్లెడ్ తగిలించే కడ్డీ) ఎత్తు చాలా క్లబ్బుల్లో 20 అంగుళాలు మించకూడదు, కొన్ని చోట్ల ఇంకా తక్కువ. రూల్ షీట్ ముందే తెప్పించుకోండి. ఎత్తు పెంచితే వెనక టైర్లకి పట్టు పెరుగుతుంది, అందుకే అందరూ ఆఖరి పావు అంగుళం దాకా వాడేసుకుంటారు. కానీ వెనక ఇరుసు మధ్య భాగం కన్నా పైన ఎక్కడా కొక్కెం తగిలించకూడదు. డ్రాబార్ ఇరుసు కన్నా కింద, వెనగ్గా ఉంటే, ముందు లేచేకొద్దీ అది నేల వైపు దిగుతుంది, లేపే బలం తగ్గుతుంది. పైన కడితే ఆ అడ్డు ఉండదు, ట్రాక్టర్ వెనక్కి మీ మీదికి తిరగబడుతుంది. క్షణాల్లో అయిపోతుంది.

ఎమ్‌లో రెండో గేర్ గంటకి సుమారు 3.5 మైళ్ళు. దాంతో మొదలుపెట్టండి. గొలుసులో వదులు తీసేసి, స్లెడ్ కదిలాక త్రాటిల్ తెరవండి, కుదుపిస్తే టైరు అక్కడికక్కడే గుంట తవ్వుకుంటుంది. ఎడమ కాలు క్లచ్ మీదే ఉండాలి. ముందు మరీ లేస్తే మరో ఆలోచన వద్దు, క్లచ్.

టైర్లలో గాలి తగ్గిస్తే పట్టు పెరుగుతుంది కానీ మరీ తగ్గిస్తే టైరు రిమ్ము మీద జారి ట్యూబ్ వాల్వ్ తెగుతుంది. రిమ్ము నుంచి టైరు మీదికి సుద్దముక్కతో ఒక గీత గీయండి. ప్రతి లాగుడు తర్వాత గీత విరిగిందేమో చూస్తే జారుతోందో లేదో తెలిసిపోతుంది.

ప్రశ్న అడిగినవారు:

చివరిగా ఒక్కటి. వాళ్ళ రూల్ షీట్‌లో కిల్ స్విచ్ (పిన్ లాగితే ఇంజిన్ ఆపే స్విచ్) తప్పనిసరి అని ఉంది. ఆన్‌లైన్లో దొరికే మామూలుది పెడితే చాలా?

జవాబు 3:

మీ ఎమ్‌కి మ్యాగ్నెటో ఉందా, బ్యాటరీతో నడిచే డిస్ట్రిబ్యూటర్ ఉందా చూడండి. రెండు రకాలూ వచ్చాయి. డిస్ట్రిబ్యూటర్ అయితే స్విచ్ లాగినప్పుడు కరెంటు తెగాలి. మ్యాగ్నెటో తన కరెంటు తానే పుట్టిస్తుంది కాబట్టి బ్యాటరీ తీగ తెంపినా ఇంజిన్ ఆగదు, స్విచ్ దాన్ని ఇంజిన్ బాడీకి గ్రౌండ్ చేయాలి. తప్పు రకం పెడితే చూడటానికి అంతా బాగానే ఉంటుంది, పిన్ లాగితే మాత్రం ఇంజిన్ హాయిగా తిరుగుతూనే ఉంటుంది. బిగించాక ఇంట్లోనే స్టార్ట్ చేసి, పిన్ లాగి చూడండి. ట్రెయిలర్ ఎక్కించేది ఆ తర్వాతే. ఎక్కించేటప్పుడు రెండు బ్రేక్ పెడల్సూ కలిపి లాక్ చేయడం మర్చిపోకండి. విడిగా ఉంటే ఒక్క చక్రమే ఆగి ట్రాక్టర్ ర్యాంపు మీద పక్కకి తిరుగుతుంది.