4,200 లైన్ల క్లాసు: విడదీయాలా, ముట్టుకోకుండా వదిలెయ్యాలా?

సెమికోలన్:
మా ప్రాజెక్టులో ఆర్డర్‌మేనేజర్ అని ఒక జావా క్లాసు ఉంది. 4,200 లైన్లు, 38 ఫీల్డులు (అది లోపల పెట్టుకునే డేటా). ధర లెక్క, కూపన్లు, స్టాకు తగ్గించడం, ఇన్వాయిస్, ఈమెయిల్ అన్నీ అందులోనే. ఏ మార్పు అడిగినా ఆ ఫైలే తెరవాలి. ఇద్దరం ఒకేసారి తెరిచామంటే మెర్జ్ కాన్‌ఫ్లిక్ట్ ఖాయం, ఇద్దరి మార్పులూ ఢీకొంటాయి. దీన్ని విడదీద్దామని నేనంటే, మా లీడ్ "నడుస్తున్నదాన్ని ఎందుకు కెలకడం" అంటున్నారు. టెస్టులు దాదాపు లేవు కాబట్టి ఆయన భయమూ అర్థమవుతోంది. మీరైతే ఏం చేస్తారు?

పాతకోడు:
మీ లీడ్ మాటే నాదీను. ఆ క్లాసులో అర్థంపర్థం లేనట్టు కనిపించే ఇఫ్‌లు బోలెడు ఉంటాయి. ఒక్కోటి ఏదో కస్టమర్ ఫోన్ చేసి తిట్టాక పెట్టినది. ఎందుకు పెట్టారో తెలిసినవాళ్లు ఉద్యోగాలు మారిపోయి ఉంటారు. మీరు శుభ్రం చేస్తున్నానుకుని వాటిని పీకేస్తారు.

మేమూ ఒకప్పుడు చేశాం ఈ పని. ఇలాంటి క్లాసునే 31 క్లాసులుగా విడదీశాం. ఒక్కటీ 150 లైన్లు దాటలేదు, చూడముచ్చటగా ఉంది. ఆరు నెలల తర్వాత ఒక బగ్ వెతకాలంటే డజను ఫైళ్లు పక్కపక్కన తెరుచుకోవాల్సి వచ్చింది. అన్నీ ఒకే కాంటెక్స్ట్ ఆబ్జెక్టును (అందరి డేటా మోసే ఒక మూటను) చేతులు మార్చుకుంటూ తలా ఒక ఫీల్డు మార్చేవి మరి. ముందైతే కనీసం కంట్రోల్ ఎఫ్ కొడితే దొరికేది.

నల్‌పాయింటర్:
పాతకోడు గారూ, మీరు విడదీయడం తప్పు కాదు, కోసిన చోటు తప్పు. లైన్లు లెక్కపెట్టి కోస్తే అంతే అవుతుంది. చూడాల్సింది ఫీల్డుల్ని.

సెమికోలన్, ఒక కాగితం తీసుకుని అడ్డంగా ఫీల్డులు, నిలువుగా మెథడ్లు (క్లాసు చేసే ఒక్కో పని) రాయండి. ఏ మెథడ్ ఏ ఫీల్డును వాడుతోందో టిక్కులు పెట్టండి. గంటా రెండు గంటల పని. గుంపులు వాటంతటవే కనిపిస్తాయి. పన్ను రేట్ల పట్టిక, కూపన్ రిపాజిటరీ, రౌండింగ్ మోడ్, ఈ మూడింటినీ ఒక ఆరు మెథడ్లే వాడుతూ మిగతావేవీ వాటి జోలికి రాకపోతే, అది లోపల దాక్కున్న ఇంకో క్లాసు. బయటికి తీస్తే తన ఫీల్డుల్ని వెంటబెట్టుకుని వస్తుంది. మెథడ్లు మాత్రం బయటికొచ్చి, డేటా కోసం మళ్లీ పాత క్లాసునే గెటర్లతో (ఫీల్డు విలువ తెచ్చిచ్చే చిన్న మెథడ్లతో) అడుక్కుంటుంటే మీరు కోసింది తప్పు చోట. పేరు తోచక 'హెల్పర్' అని పెట్టేశారంటే కూడా అనుమానించండి.

అర్ధరాత్రిడిప్లాయ్:
ఇంత చర్చ ఎందుకు? మా దగ్గర సైక్లోమాటిక్ కాంప్లెక్సిటీ (కోడ్‌లో దారులు ఎన్ని చీలుతున్నాయో చెప్పే లెక్క) 10 దాటితే బిల్డే ఆగిపోతుంది. ఆ రూలు పెడితే ఇలాంటి క్లాసు పుట్టనే పుట్టదు.

నల్‌పాయింటర్:
పుడుతుంది. ఆ కొలతను 1976లో మెక్‌కేబ్ ప్రతిపాదించినప్పుడే, 10 అనేది సబబైన హద్దే గానీ మంత్రసంఖ్య కాదని కూడా చెప్పాడు. పైగా మీ టూల్ దాన్ని ఒక్కో మెథడ్‌కి లెక్కిస్తుంది. తొమ్మిది షరతులున్న మెథడ్‌కి 10 వస్తుంది. దాన్ని మూడు మెథడ్లుగా విరిస్తే ఒక్కోటి చిన్నదే, కానీ మూడూ కలిపితే 12. షరతులు ఎక్కడికీ పోలేదు. క్లాసు ఇంకో పది లైన్లు పెరిగింది కూడా.

ఫైలు సైజు మీద రూలు పెడితే ఇంకా తమాషా. మా దగ్గర ఒకాయన పెద్ద క్లాసును ఇన్‌హెరిటెన్స్‌తో తాత, తండ్రి, మనవడుగా మూడు ఫైళ్లు చేశాడు. టూల్ పచ్చ లైటు చూపించింది. బగ్ ఎక్కడుందని తాతను అడిగితే మనవణ్ణి అడగమంటాడు, మనవడేమో సూపర్ అని మళ్లీ పైకి పంపిస్తాడు.

టెస్టుపిచ్చి:
కెలకాలా వద్దా అంటే నాకు నైట్ క్యాపిటల్ గుర్తొస్తుంది. 2012 ఆగస్టు 1న ఆ ట్రేడింగ్ కంపెనీ 45 నిమిషాల్లో 40 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. పవర్ పెగ్ అని వాళ్లు ఏళ్ల క్రితమే వాడటం మానేసిన కోడ్ ఒకటి సర్వర్లలో అలాగే ఉండిపోయింది. ఎన్ని షేర్ల లావాదేవీ పూర్తయిందో లెక్కపెట్టి ఆర్డర్లు ఆపే భాగాన్ని 2005లో వేరే చోటికి జరిపారు. జరిపాక పవర్ పెగ్‌ను మళ్లీ టెస్ట్ చెయ్యలేదు. 2012లో పవర్ పెగ్‌ను ఆన్ చేసే పాత ఫ్లాగునే (స్విచ్ లాంటిది) కొత్త పనికి వాడుకున్నారు, ఎనిమిది సర్వర్లలో ఒకదానికి కొత్త కోడ్ ఎక్కలేదు. అక్కడ పాతది నిద్రలేచింది, ఆపేవాడు లేడు.

పాతకోడు:
చూశారా, ఆ భాగాన్ని జరపబట్టే కదా! నేను మొత్తుకునేది అదే.

టెస్టుపిచ్చి:
అన్నా, చచ్చిన కోడ్‌ను తీసెయ్యకుండా అట్టేపెట్టింది కూడా అక్కడే కదా. మీ ఇద్దరికీ సరిపోయే కథ అది. జరిపాక టెస్ట్ చెయ్యలేదన్నదే నా బాధ.

సెమికోలన్, ముందు ఆ క్లాసు ఇప్పుడేం జవాబిస్తోందో పట్టుకోండి. సరైన జవాబు అక్కర్లేదు, ఇప్పటి జవాబు చాలు. పాత ఆర్డర్లు కొన్ని వందలు తీసుకుని, వ్యక్తిగత వివరాలు తీసేసి, దానికి తినిపించి వచ్చిన ఫలితాలు దాచుకోండి. ప్రతి మార్పు తర్వాత పోల్చండి. మధ్యలో బగ్ కనబడితే చెయ్యి దురద పెడుతుంది, అక్కడే సరిచెయ్యకండి. కోడ్ జరిపే కమిట్ (ఒక్కసారిగా భద్రపరిచే మార్పుల కట్ట) వేరు, ప్రవర్తన మార్చే కమిట్ వేరు. ఆ రెండూ కలిస్తే రివ్యూ చేసేవాడికి ఏమీ కనిపించదు.

సెమికోలన్ (మూడు వారాల తర్వాత):
కాగితం పద్ధతి పనిచేసింది. 38లో ఐదు ఫీల్డుల్ని అసలెవరూ చదవట్లేదు. ధర లెక్క ఒక్కటే బయటికి తీద్దామంటే లీడ్ సరేనన్నారు. తీశాం, ఫలితాలన్నీ సరిపోయాయి. తర్వాత ఇన్వాయిస్ తీద్దామనుకున్నాం కానీ, స్టాకు తగ్గడం, ఇన్వాయిస్ పుట్టడం రెండూ జరగాలి, లేదా రెండూ ఆగాలి, అంటే ఒకే ట్రాన్సాక్షన్‌లో జరగాలి. విడదీస్తే ఒకటి జరిగి ఇంకోటి ఆగిపోతుందేమోనని టెన్షన్.

పాతకోడు:
అక్కడితో ఆపేయండి. ధర లెక్క బాగా తీశారు, ఒప్పుకుంటాను. కలిసి సేవ్ కావాల్సినవి కలిసే ఉండనివ్వండి.

నల్‌పాయింటర్:
ఒప్పుకోను. క్లాసులు రెండైతే ట్రాన్సాక్షన్లు రెండు కానక్కర్లేదు. పిలిచే మెథడ్ దగ్గర ఒకసారి మొదలైతే రెండు క్లాసులూ అందులోనే పనిచేస్తాయి. కానీ స్ప్రింగ్ అనే జావా ఫ్రేమ్‌వర్క్ వాడుతుంటే ఒకటి చూసుకోండి. ఇన్వాయిస్ మెథడ్ మీద 'కొత్త ట్రాన్సాక్షన్ తెరువు' అనే అనొటేషన్ (కోడ్ మీద అంటించే సూచన) ఉందా? మామూలుగా స్ప్రింగ్ ప్రాక్సీ (బయటి పిలుపుల్ని మధ్యలో పట్టుకునే తొడుగు) ద్వారా నడుస్తుంది కాబట్టి, అదే క్లాసులోంచి పిలిచినంత కాలం ఆ అనొటేషన్ పనిచెయ్యదు. వేరే క్లాసులోకి మార్చిన రోజు పనిచెయ్యడం మొదలుపెడుతుంది. ఒక్క అక్షరం మార్చకుండానే ప్రవర్తన మారిపోతుంది.

సెమికోలన్:
ఇప్పుడే చూశాను. ఉంది, సరిగ్గా దాని మీదే. బయటి క్లాసులేవీ ఆ మెథడ్‌ను పిలవట్లేదు కాబట్టి ఇన్నాళ్లూ ఊరికే పడి ఉంది. ముందు అది తీసేసే కమిట్ ఒకటి వేరుగా పెడతాను. జరపడం సంగతి వచ్చే వారం చూద్దాం.