గుర్రపు డెక్క ఎన్నిసార్లు తీయించినా మళ్లీ అల్లుకుంటోంది, ఏం చెయ్యాలి?

గట్టుమీద: మా కాలనీ వెనక చెరువు నిండా గుర్రపు డెక్కే. తీయించిన కొన్నాళ్లకే మళ్లీ కమ్మేస్తోంది. తొలకరి వానకి చేపలు చచ్చి తేలాయి. ఈసారి అందరం డబ్బులేసుకుని పూడిక తీయించి, చుట్టూ నడక బాట వేయిద్దామనుకుంటున్నాం. ముందు ఏది మొదలుపెట్టాలి?

తూము: బాట సంగతి తర్వాత చూడొచ్చండీ. నేను డ్రైనేజీ లైన్ల పనిలో ఉన్నాను కాబట్టి చెబుతున్నా. వానలు లేని రోజు చూసుకుని, ఇళ్లలో స్నానాలు, అంట్లు నడిచే పొద్దుటిపూట, చెరువులోకి వచ్చే వాన కాలువ వెంట పైకి నడవండి. అప్పుడు అందులో పారేది దాదాపు అంతా మురుగే. ఏ మ్యాన్‌హోల్ పొంగుతోందో, ఏ అపార్ట్‌మెంట్ పైపు కాలువలోకి దిగిందో అక్కడే తెలిసిపోతుంది. ఫోటోలు తీసి మ్యాప్‌లో గుర్తు పెట్టుకోండి.

గుర్రపు డెక్కకి ఆ మురుగులోని నత్రజని, భాస్వరమే తిండి. అది ఆగందే ఎంత తీసినా దండగే. చేపల విషయమూ అంతే. తొలి వాన కాలువల్లో పేరుకున్న చెత్తనంతా ఒక్కసారిగా చెరువులోకి తోస్తుంది. అది కుళ్లేటప్పుడు నీళ్లలో ఆక్సిజన్ లాగేస్తుంది. తెల్లవారుజామున అసలే ఆక్సిజన్ తక్కువ, ఇక అవి బతకలేవు.

గట్టుమీద: అయితే మురుగంతా వేరే పైపులోకి మళ్లిస్తే సరిపోతుందా?

తూము: మొత్తం మళ్లిస్తే వేసవికి చెరువు ఎండిపోవచ్చు. చుట్టూ కాంక్రీటే కదా, నేలలో ఇంకి ఊరే నీరు తగ్గిపోయింది. శుద్ధి చేసి తిరిగి చెరువుకే ఇవ్వడం మేలు. బెంగళూరు జక్కూరు చెరువు చూడండి: శుద్ధి కేంద్రం నుంచి వచ్చే నీరు ముందు జమ్ము పెరిగిన చిత్తడి నేలలో నిదానంగా పారి, ఆ తర్వాతే చెరువులో కలిసేలా కట్టారు. నాకు బాగా నచ్చిన పద్ధతి అది.

వానచినుకు: ఇంకోటి. డాబా పైపుల్ని డ్రైనేజీకి కలిపిన ఇళ్లున్నాయేమో చూడండి. 100 చదరపు మీటర్ల డాబా మీద 10 మిల్లీమీటర్ల వాన పడితే దాదాపు 1,000 లీటర్లు. వీధంతా అలా కలిపితే మ్యాన్‌హోల్ పొంగక ఏమవుతుంది? ఆ నీటిని వడకట్టి ఇంకుడు గుంతకి తిప్పించండి. అలుగు దాటిన నీరు పోయే కాలువ మూసుకుపోలేదు కదా? అది కూడా చూసుకోండి, లేకపోతే నీళ్లు ఇళ్లలోకి ఎగదన్నుతాయి.

గట్టుమీద: ఆదివారం కాలువ వెంట బయల్దేరుతున్నాం. తర్వాత పూడిక తీస్తే ఆ మట్టి పొలాలకి ఇవ్వొచ్చా?

తూము: ల్యాబ్‌లో పరీక్ష చేయించకుండా వద్దండీ. ఫ్యాక్టరీల నీరు కలిసి ఉంటే సీసం, కాడ్మియం లాంటివి అందులో ఉండిపోతాయి.