స్లీవ్ ఆపరేషన్ తర్వాత మళ్లీ డెడ్‌లిఫ్ట్: ఎవరి మాట వినాలి?

కృష్ణాతీరం:
బరువు తగ్గడానికి స్లీవ్ ఆపరేషన్ (జీర్ణాశయాన్ని కోసి చిన్న గొట్టంలా చేసేది) చేయించుకున్నాను, ఇది నాలుగో నెల. 118 కిలోల నుంచి 91కి వచ్చాను. కాలేజీ రోజుల నుంచి బరువులు ఎత్తే అలవాటుంది, డెడ్‌లిఫ్ట్‌లో, అంటే నేల మీది బార్‌ను నిటారుగా నిలబడేదాకా లేపడంలో, 140 కిలోల దాకా వెళ్లాను. ఆరు వారాలు దాటాక మెల్లగా మొదలుపెట్టమని సర్జన్ అన్నారు. ట్రైనరేమో ఏడాది దాకా బార్ ముట్టుకోనివ్వనంటున్నాడు. ఇంట్లో అమ్మ బియ్యం బస్తా మీద చెయ్యి వేయనివ్వడం లేదు. ఎవరి మాట వినాలి?

పాతబార్‌బెల్:
ట్రైనర్ మాటే వినండి. పొట్టలో ముప్పాతిక భాగం పైనే కోసి తీసేశారు. పైకి కనిపించే నాలుగైదు చిన్న గాట్లు మానగానే లోపలంతా సర్దుకుందనుకుంటారు. నడుముకు బెల్టు బిగించి, ఊపిరి బిగబట్టి బార్ లేపితే పొట్టలో ఒత్తిడి ఎంత పెరుగుతుందో ఎత్తినవాడికే తెలుసు. గాటు దగ్గర హెర్నియా వస్తే, అంటే లోపలి పేగు బయటికి పొడుచుకొస్తే, మళ్లీ ఆపరేషన్ బల్ల ఎక్కాలి. నాకు బొడ్డు హెర్నియా వచ్చింది, అనుభవంతో చెబుతున్నాను.

పద్మ_కడప:
మీ బొడ్డు హెర్నియాకూ ఆయన స్లీవ్‌కూ ఏమిటి సంబంధం? నాదీ బరువు తగ్గే ఆపరేషనే, కానీ బైపాస్: జీర్ణాశయాన్ని చిన్నది చేసి పేగుకు అతికేది. మీలాంటి వాళ్ల మాటలు విని ఏడాదంతా నడకతోనే సరిపెట్టాను. కిలోలు దిగుతుంటే ఇంటిల్లిపాదీ సంబరపడ్డాం. పోయినదాంట్లో కొవ్వెంత, కండ ఎంత అని ఒక్కరూ అడగలేదు. చివరికి సత్యనారాయణ వ్రతానికి పీట మీద కూర్చుని, నేలకు చేతులు ఆన్చకుండా లేవలేకపోయాను. కండ నిలవాలంటే చాలినంత ప్రొటీన్, బరువులతో వ్యాయామం రెండూ ఉండాలి.

సందేహి:
రోజుకు 60 నుంచి 80 గ్రాముల ప్రొటీన్ అంటారు. గుడ్డుకు ఆరేగా! ఆ చిన్న పొట్టలో ఎలా పడుతుంది?

పద్మ_కడప:
విడతలు విడతలుగా. ముందు గుడ్డు, చేప, పెరుగు; అన్నం ఆఖరున, చోటుంటేనే. మధ్యలో వే ప్రొటీన్ పొడి. తింటూ నీళ్లు తాగకూడదు, అరగంట ఆగాలి.

పాతబార్‌బెల్:
బెల్టు సంగతికి జవాబు రాలేదు.

పద్మ_కడప:
బెల్టు కట్టుకోమని ఎవరన్నారు? ఖాళీ బార్ 20 కిలోలు. దానికి బెల్టెందుకు?

పాతబార్‌బెల్:
140 లేపినవాడు 20 దగ్గర ఆగుతాడా? చెయ్యి బార్ మీద పడగానే పాత అంకె గుర్తొస్తుంది. మొదటి వారం ఖాళీ బార్, రెండో వారం పక్కవాడు చూస్తున్నాడని బార్‌కు బరువు పళ్లేలు ఎక్కిస్తాడు. ఇలాంటి వాళ్లను ఎందరినో చూశాను.

ఉత్తరాంధ్ర_పులి:
ఆడవాళ్లు బరువుల మీద పాఠాలు చెప్పే కాలం వచ్చింది.

పద్మ_కడప:
2000లో సిడ్నీ ఒలింపిక్స్‌లో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చిన కరణం మల్లీశ్వరిది మీ శ్రీకాకుళమే, పులి గారూ.

డ్యూటీడాక్టర్:
ఆరు వారాలన్నది మొదలుపెట్టడానికి, పాత రికార్డు అందుకోవడానికి కాదు. గాటు దగ్గర ఉబ్బు, నొప్పి కనిపిస్తే ఆపేసి సర్జన్‌కు చూపించండి. బైపాస్ అయినవాళ్లు ఒంటి నొప్పులకు ఐబుప్రోఫెన్, డైక్లోఫెనాక్ సొంతంగా వేసుకోవద్దు, అతుకు దగ్గర పుండు పడే ప్రమాదం ఉంది. ఎవరికైనా ఐరన్, బి12, డి విటమిన్ పరీక్షలు తప్పవు.

పాతబార్‌బెల్:
డాక్టరు గారికి దండం. కానీ పద్మ గారూ, మేము ఏళ్ల తరబడి చెమటోడ్చి నిలబెట్టుకున్న ఒళ్లు ఇది. మీరు గంటా రెండు గంటల్లో పొట్ట కోయించుకుని వచ్చి మాకు కండ గురించి చెబుతారా? మా జిమ్‌లో ఒకాయన గుట్టుగా ఆపరేషన్ చేయించుకుని, అంతా వ్యాయామంతోనే తగ్గానని చెప్పుకున్నాడు. కుర్రాళ్లు నా దగ్గరికొచ్చి మాకెందుకు తగ్గడం లేదని నిలదీస్తున్నారు. నేనేం చెప్పాలి?

పద్మ_కడప:
ఇదన్నమాట సంగతి! ఇంతసేపూ గాట్లు, బెల్టు అని తిప్పారు. ఆయన ఎందుకు దాచాడో ఆలోచించారా? చెబితే మీరు ఇప్పుడన్న మాటే అంటారని. మా బంధువు ఒకావిడ పెళ్లి భోజనాల్లో నా విస్తరి చూసి, లక్షలు పోసి కొనుక్కున్న ఆకలి ఇంతేనా అని నలుగురిలో నవ్వింది. ఆకలి పుట్టించే హార్మోను, గ్రెలిన్, ఎక్కువగా తయారయ్యేది స్లీవ్‌లో తీసేసే భాగంలోనే. దాన్ని మనసు గట్టిదనంతో గెలవాలంటే ఎలా?

పాతబార్‌బెల్:
నా కోపం దాచినందుకు. సరే, అందరి ముందూ ఒకటి అడుగుతాను. ఆరోగ్యమే ముఖ్యమైతే 50, 60 కిలోలు చాలు. మళ్లీ ఆ 140 ఎందుకు?

కృష్ణాతీరం:
నేను పెట్టిన చర్చలో నన్నే మరిచిపోయారు. నాకు 140 కావాలి. లావుగా ఉన్నప్పుడు ఆ జిమ్‌లో నన్ను చూసి ఎవరూ నవ్వకపోవడానికి కారణం ఆ అంకె ఒక్కటే. ఇప్పుడు సన్నబడ్డానని మెచ్చుకుంటున్నారు, బార్ దగ్గర మాత్రం కొత్తవాడిలా పక్కకు జరగమంటున్నారు.

పద్మ_కడప:
అయితే ఈ ఒక్క విషయంలో నేను బార్‌బెల్ గారి వైపే. సగం తిండితో, ఇంకా దిగుతున్న ఒంటితో 140 అంటే మీరు కండ కోసం వెళ్లడం లేదు.

కృష్ణాతీరం:
దేని కోసం వెళ్లాలో కూడా మీరే చెబుతారా?

డ్యూటీడాక్టర్:
ముందు మీ ఐరన్ రిపోర్టు పెట్టండి.

పాతబార్‌బెల్:
బెల్టు ప్రశ్న అలాగే ఉంది.